ఆక్యుపంక్చర్: సూది సంగతి వేరు, పటం సంగతి వేరు

నడుం నొప్పో మోకాళ్ల నొప్పో ఏళ్ల తరబడి వదలని ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఆక్యుపంక్చర్, అంటే ఒంట్లో సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం, మాట వస్తుంది. "ఫలానా వాళ్లకి పది సిట్టింగులకే తగ్గిపోయిందట" అని పిన్ని ఫోన్ చేస్తుంది, "అదంతా ఉత్తదే, సైన్స్ కాదు" అని మెడిసిన్ చదువుతున్న మేనకోడలు కొట్టిపారేస్తుంది, మధ్యలో నొప్పి పడుతున్న మనిషి ఎవరి మాట వినాలో తేల్చుకోలేక వాట్సాప్‌లో ఎవరో పంపిన అరికాలి బొమ్మ చూసుకుంటూ కూర్చుంటుంది. (ఆ అరికాలి బొమ్మ, అంటే అరికాల్లో ఒక్కో చోట నొక్కితే ఒక్కో అవయవం బాగవుతుందనే రిఫ్లెక్సాలజీ, చైనాది కానే కాదు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో పుట్టింది. చెవి బొమ్మ మీద చుక్కలు పెట్టి చేసే పద్ధతి 1950లలో ఒక ఫ్రెంచ్ డాక్టర్ తయారుచేసింది. ఇలాంటివి ముందుముందు ఇంకా వస్తాయి.)

ఇద్దరి లెక్కా ఒకచోటే తప్పుతోంది. చైనా సంప్రదాయ వైద్యం అంతా ఒకే ముక్క అనుకుని, ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి, లేదంటే మొత్తం పారేయాలి అనుకుంటున్నారు. దాన్ని విడదీస్తే కనీసం మూడు వేరువేరు సంగతులున్నాయి: ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే సిద్ధాంతం, ఒంట్లోకి దింపే సూది, కడుపులోకి పోయే మందు. ఈ మూడింటికీ దొరికే రుజువులు మూడు రకాలు, వాటిలో ఉన్న ప్రమాదాలూ మూడు రకాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొన్ని నొప్పులకు సూది ఎంతో కొంత పనిచేస్తుంది, కానీ దాన్ని ఎక్కడ గుచ్చాలో చెప్పే పటం మాత్రం పరీక్షకు నిలబడలేదు. మందులైతే ఈ మూడింటిలోకీ బలమైనవి, అందుకే ఎక్కువ భయపడాల్సిందీ వాటికే.

ముందు సిద్ధాంతం చూద్దాం. ఒంట్లో 'చి' అనే శక్తి కొన్ని దారుల్లో తిరుగుతూ ఉంటుందనీ, వాటికే మెరిడియన్లు అని పేరనీ, ఆ ప్రవాహం ఎక్కడైనా అడ్డుపడినా, తగ్గినా, ఎక్కువైనా జబ్బు వస్తుందనీ, ఆ దారి మీద ఉన్న బిందువుల్లో సూది పెడితే ప్రవాహం సర్దుకుంటుందనీ అంటారు. దీనికి యిన్, యాంగ్ అనే జంట తోడు. చల్లదనం, నీడ, నిశ్చలత యిన్ అయితే వేడి, వెలుగు, కదలిక యాంగ్. వీటి మీద ఐదు తత్వాలు: కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు. మన పంచభూతాల్లో ఉన్న గాలి, ఆకాశం ఇందులో లేవు, పైగా ఇవి వస్తువులు ఎలా తయారయ్యాయో చెప్పేవి కావు. ఒకదాన్నొకటి పుట్టించుకుంటూ, ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటూ తిరిగే దశలు. కర్ర నుంచి నిప్పు పుడుతుంది, నీరు నిప్పును ఆర్పుతుంది, లోహం కర్రను నరుకుతుంది. ప్రతి తత్వానికీ ఒక అవయవం, ఒక రుతువు, ఒక రుచి, ఒక ఉద్వేగం జతచేశారు. కాలేయానికి కర్ర, వసంతం, పులుపు, కోపం.

ఇక్కడ మన వాళ్లు కంగారు పడే చోటు ఒకటుంది. ఆక్యుపంక్చర్ చేసే ఆయన నాడి పట్టుకుని "మీ స్ప్లీన్ వీక్‌గా ఉంది" అనగానే స్కానింగ్‌కి పరిగెత్తనక్కర్లేదు. ఆయన చెప్పే స్ప్లీన్ అంటే కడుపులో ఎడమవైపున్న ప్లీహం కాదు. తిన్నది అరగడం, ఒంటికి సత్తువ పట్టడం అనే పనులన్నీ కలిపి పెట్టిన పేరు. అలాగే "లివర్‌లో యాంగ్ పైకి ఎగదన్నుతోంది" అంటే ఎల్‌ఎఫ్‌టీ (కాలేయానికి చేసే రక్తపరీక్ష) రిపోర్టులో అంకెలు పెరిగాయని కాదు. ఒకే మైగ్రేన్‌తో ఇద్దరు వెళ్తే ఒకరికి ఆ లివర్ కథ, ఇంకొకరికి రక్తం చాలడం లేదన్న కథ చెప్పి వేర్వేరు బిందువుల్లో సూదులు పెట్టొచ్చు. జబ్బు పేరును బట్టి కాక, మనిషి తీరును బట్టి వైద్యం చేయడం వాళ్ల పద్ధతి. వాత పిత్త కఫాలతో పెరిగిన మనకు ఇది వింతగా అనిపించదు.

సిట్టింగ్ ఎలా ఉంటుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. నాలుక చాపమంటారు. రంగు, పైనున్న పూత, అంచుల మీద పళ్ల అచ్చులు పడ్డాయా అన్నది చూస్తారు. ఒక్కో మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, ముందు తేలిగ్గా, తర్వాత గట్టిగా నొక్కి నాడి చూస్తారు. తర్వాత పడుకోబెట్టి, స్పిరిట్‌తో తుడిచి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం చర్మం మీద నిలబెట్టి, అందులోంచి పావు మిల్లీమీటరు మందం కూడా దాటని సూదిని చూపుడువేలితో ఒక్కసారి టక్కున తడతారు. చీమ కుట్టినంత కూడా ఉండకపోవచ్చు. మందు ఎక్కించే సూదిలా దీనికి లోపల బోలు ఉండదు, వంచితే వంగే సన్నటి స్టీలు తీగ లాంటిది. తర్వాత దాన్ని లోపలికి దింపి, వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడొస్తుంది అసలు అనుభవం. నొప్పి అని అనలేం, ఏదో బరువుగా, లాగుతున్నట్టు, లోపలెక్కడో సలుపుతున్నట్టు, ఒక్కోసారి తిమ్మిరెక్కినట్టు. దాన్నే వాళ్లు చి అందింది అంటారు. అది వస్తే సూది సరిగ్గా పడినట్టు లెక్క. పది పన్నెండు సూదులతో ఇరవై ముప్పై నిమిషాలు కదలకుండా పడుకోబెడతారు, కొందరు వాటికి చిన్న కరెంటు తీగలు కూడా తగిలిస్తారు. చాలామంది ఆ కాసేపట్లో నిద్రపోతారు.

సూదితో పాటు సెగ కూడా ఉంటుంది. ఎండబెట్టి దంచిన ఒక ఆకును చుట్టలా చుట్టి, వెలిగించి, బిందువు దగ్గర చర్మానికి కాస్త ఎడంగా పట్టుకుంటారు. దీనికి మాక్సా అని పేరు. ఆ ఆకు మన మాచిపత్రి కుటుంబానిదే. వినాయక చవితినాడు పత్రి పూజలో మొట్టమొదట సమర్పించేది ఏదో గుర్తుందిగా, దానికి చాలా దగ్గరి చుట్టం. ఈ కుటుంబం పేరు గుర్తుపెట్టుకోండి, కింద మందుల దగ్గర మళ్లీ దీంతో పనుంది.

ఇక చరిత్ర. "ఐదువేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా వస్తున్న వైద్యం" అన్న మాట ప్రతి బోర్డు మీదా ఉంటుంది. దొరికిన ఆధారాలు ఆ మాటను బలపరచవు. చైనాలో మావాంగ్‌దుయ్ అనే చోట క్రీ.పూ. 168లో మూసేసిన సమాధిని 1973లో తవ్వితే పట్టు గుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో ఒంట్లోని దారులు తర్వాత స్థిరపడిన పన్నెండు కాదు, పదకొండు. సెగ పెట్టడం గురించి ఉంది, సూదుల వైద్యం గురించి లేదు. సూదుల పద్ధతిని వివరంగా చెప్పిన 'హువాంగ్‌ది నైజింగ్' ఆ తర్వాత, హాన్ రాజుల కాలంలో ఒక రూపానికి వచ్చింది. అందులో చెప్పిన తొమ్మిది రకాల సూదుల్లో చీము తీయడానికి వాడే కత్తి లాంటిది కూడా ఉంది. అంటే అప్పటి సూది వైద్యంలో కొంత భాగం చిన్నపాటి సర్జరీ, రక్తం తీయడం. దారులు పన్నెండు ఎందుకయ్యాయంటే ఆ గ్రంథమే వాటిని చైనాలోని పన్నెండు నదులతో పోల్చింది. బిందువులు 365 అన్న లెక్క ఏడాదిలోని రోజులను బట్టి వచ్చింది. ఒంటిని కోసి చూసి కాదు, పంచాంగాన్నీ భూగోళాన్నీ చూసి ఒంటికి పటం గీశారు. ఆ కాలానికి అది తెలివైన ఊహే, కాదనను. ఆ పన్నెండుకు ఇంకో రెండు కలిపి ఇప్పుడు 14 దారుల మీద 361 బిందువుల లెక్క చెబుతారు.

ఆ పటాన్ని ఎంత పట్టింపుగా నేర్పేవారో చెప్పే ముచ్చట ఒకటుంది. 1027లో సాంగ్ రాజుల కొలువులో వాంగ్ వెయ్‌యీ అనే వైద్యుడు మనిషంత కంచు బొమ్మలు రెండు పోత పోయించాడు, బిందువున్న ప్రతిచోటా చిన్న రంధ్రంతో. పరీక్ష రోజున బొమ్మకు పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపేవారట. విద్యార్థి సరైన చోట గుచ్చితే నీటి చుక్క బయటికి వస్తుంది, లేదంటే ఫెయిల్. మార్కులు వేయడానికి ఇంతకంటే నిక్కచ్చి పద్ధతి ఏముంటుంది! కాకపోతే ఆ పరీక్ష విద్యార్థికి బొమ్మ తెలుసా అన్నది తేలుస్తుంది కానీ, బొమ్మకు మనిషి తెలుసా అన్నది తేల్చదు. ఆ రెండో పరీక్ష జరగడానికి ఇంకో వెయ్యేళ్లు పట్టింది.

ఈలోగా చైనాలోనే దీనికి గడ్డురోజులు వచ్చాయి. 1822లో చింగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థ నుంచి ఆక్యుపంక్చర్‌ను తీసేయించాడు. 1929లో అప్పటి ప్రభుత్వం పాత వైద్యం మొత్తాన్నే రద్దు చేయాలన్న ప్రతిపాదన తెస్తే వైద్యులు షాంఘైలో ఏకమై అడ్డుకున్నారు. సుమారు ఆ కాలంలోనే చెంగ్ దాన్‌ఆన్ అనే వైద్యుడు ఆధునిక శరీర శాస్త్రం చదివి, బిందువులను రక్తనాళాల మీద నుంచి పక్కకు జరిపి, సన్నటి సూదులను ప్రచారంలోకి తెచ్చాడు. ఇవాళ మన ఊళ్లో క్లినిక్‌లో కనిపించేది చాలావరకు ఆయన దిద్దిన రూపమే. తర్వాత కమ్యూనిస్టులు వచ్చేసరికి యాభై కోట్ల పైచిలుకు జనానికి ఆధునిక డాక్టర్లు ఏ మూలకూ చాలరు. ఉన్న నాటువైద్యులను వాడుకోక తప్పని పరిస్థితి. ఊరూరా ఉన్న రకరకాల పద్ధతులను ఒకచోట చేర్చి, కుదరని వాటిని కత్తిరించి, ఒక సిలబస్‌గా మలిచి 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్దూలలో కాలేజీలు పెట్టారు. మనం సంప్రదాయ చైనా వైద్యం అని పిలిచేది ఆ సిలబస్ తర్వాతి సరుకు. మావో దాన్ని ఖజానా అని పొగిడాడు కానీ, తనకు మాత్రం దాని మీద నమ్మకం లేదన్నాడని ఆయన సొంత డాక్టరే తర్వాత రాశాడు. రాజకీయ నాయకులు జనానికి ఒకటి చెప్పి తాము కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లడం మనకేమీ కొత్త కాదు.

పశ్చిమ దేశాల్లో మోజు పుట్టింది 1971 జూలైలో. జేమ్స్ రెస్టన్ అనే అమెరికన్ జర్నలిస్టుకి బీజింగ్‌లో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది, అక్కడే ఆపరేషన్ చేశారు. మత్తు మందు లేకుండా సూదులతోనే కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది తప్పు. మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చే కోశారు. ఆపరేషన్ అయ్యాక కడుపు ఉబ్బరంగా ఉంటే మోచేతి దగ్గర, మోకాళ్ల కింద సూదులు పెట్టారు, సెగ పెట్టారు, గంటలోగా తేలికైందని ఆయన రాశాడు. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాడు, ఆ వెనకే సూదులు అమెరికా చేరాయి.

మరి "ఇదంతా మనదే, సుశ్రుతుడి మర్మాలే చైనాకి పోయి ఆక్యుపంక్చర్ అయ్యాయి" అన్న పోస్టుల సంగతేంటి? సుశ్రుత సంహితలో 107 మర్మాలున్న మాట నిజం. కానీ అవి ప్రధానంగా దెబ్బ తగిలితే ప్రాణం పోయే, అవిటితనం వచ్చే చోట్లు. శస్త్రం పట్టినవాడు తప్పించుకోవాలని చెప్పిన జాబితా అది. సూది దింపమని చెప్పిన జాబితాతో దాన్ని ముడిపెట్టడానికి చాలా ధైర్యం కావాలి.

ఇక అసలు ప్రశ్న, పనిచేస్తుందా? దీన్ని తేల్చడం అనుకున్నంత సులువు కాదు. మాత్ర అయితే పిండితో ఉత్తి మాత్ర చేసి సగం మందికి ఇచ్చి చూడొచ్చు. గుచ్చకుండా గుచ్చినట్టు అనిపించడం ఎలా? దానికి 1998లో జర్మనీలో ఒక కిటుకు కనిపెట్టారు. నాటకాల్లో వాడే కత్తిలా మొన మొద్దుగా ఉండి, నొక్కితే తన పిడిలోకే దూరిపోయే సూది. చర్మానికి తగులుతుంది, చురుక్కుమంటుంది, లోపలికి పోయినట్టే కనిపిస్తుంది, పోదు. ఇంకొన్ని పరీక్షల్లో సూది నిజంగానే గుచ్చారు గానీ బిందువు కాని చోట, పైపైన. ఒక అమెరికన్ పరీక్షలోనైతే గైడ్ గొట్టంలో సూదికి బదులు టూత్‌పిక్ పెట్టి తట్టారు.

ఫలితాలు చూడండి. 2007లో వచ్చిన జర్మన్ పరీక్షలో దీర్ఘకాల నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే, చైనా పద్ధతిలో సరైన బిందువుల్లో సూదులు వేయించుకున్న వాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట పైపైన గుచ్చిన వాళ్లలో 44.2 శాతం. మాత్రలు, ఫిజియోథెరపీ, వ్యాయామంతో మామూలు వైద్యం తీసుకున్న వాళ్లలో 27.4 శాతం. మైగ్రేన్ మీద 2005లో 302 మందితో చేసిన ఇంకో జర్మన్ పరీక్షలో తలనొప్పి రోజులు సగానికి తగ్గినవాళ్లు అసలు సూదులతో 51 శాతం, ఉత్తుత్తి సూదులతో 53 శాతం, వైద్యం కోసం వెయిటింగ్ లిస్టులో కూర్చున్నవాళ్లలో 15 శాతం.

ఈ అంకెలను పిన్నీ వాడుకోవచ్చు, మేనకోడలూ వాడుకోవచ్చు. మామూలు వైద్యం కంటే సూదులే నయం అని ఒకరు, సూది ఎక్కడ పెట్టినా ఒకటే కదా, మరి మీ మెరిడియన్లేవి అని ఇంకొకరు. ఇద్దరిదీ నిజమే. మీ నడుం నొప్పి తగ్గొచ్చు, తగ్గించింది మాత్రం ఆ పటం కాదు.

చిన్న తేడా అసలు లేదని కూడా అనలేం. దాదాపు 18 వేల మంది రోగుల వివరాలు ఒక్కొక్కటిగా తీసుకుని 2012లో ఒక పెద్ద లెక్క కట్టారు. నడుం, మెడ, మోకాలు, భుజం, తలనొప్పులు. దాన్ని వాళ్లు విడమరిచి చెప్పిన తీరు బాగుంటుంది: నొప్పి వందకు 60 ఉన్న మనిషికి సూదులు లేకుండా 43కు, ఉత్తుత్తి సూదులతో 35కు, అసలు సూదులతో 30కి తగ్గుతుందనుకోండి. పదిహేడు పాయింట్లు ఊరికే కాలంతో, మామూలు వైద్యంతో పోయినవి, ఎనిమిది పాయింట్లు ఆ పడక, ఆ స్పర్శ, ఆ నమ్మకం కలిసి తెచ్చినవి, చివరి ఐదే అసలు సూదివి. ఆ ఐదులో కూడా కొంత, గుచ్చేవాడికి తానేం చేస్తున్నాడో తెలియడం వల్ల వచ్చిందేమో అన్న అనుమానం వదలదు, ఎందుకంటే రోగిని మభ్యపెట్టగలం గానీ గుచ్చేవాడిని మభ్యపెట్టలేం.

ఆ ఎనిమిది పాయింట్లను తేలిగ్గా తీసేయకండి. 2008లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఐబీఎస్ అనే పేగుల బాధ ఉన్న 262 మందికి అసలు సూది ఎవరికీ పెట్టలేదు. వెయిటింగ్ లిస్టులో ఉంచినవాళ్లలో 28 శాతం మంది తెరిపి దొరికిందన్నారు. మాట్లాడకుండా ఉత్తుత్తి సూదులు పెట్టి పంపితే 44 శాతం. అవే ఉత్తుత్తి సూదులు పెడుతూ, ఎదురుగా కూర్చుని, కష్టం పూర్తిగా విని, ఆప్యాయంగా మాట్లాడితే 62 శాతం. మన దగ్గర ఓపీలో డాక్టరు తలెత్తి చూసేలోపే చీటీ చేతిలో పడుతుంది. ఎవరో ఒకరు గంటసేపు మన బాధ విని, ఒంటి మీద చెయ్యి వేస్తే నొప్పి తగ్గినట్టుండటంలో ఆశ్చర్యం ఏముంది? దీన్ని మోసం అనే ముందు, ఆ గంట మామూలు వైద్యంలో ఎందుకు లేదో అడగాలి.

ఒంట్లో అసలేమీ జరగదని కాదు. సూది కండలోకి దిగితే నరాలు స్పందిస్తాయి, మెదడు తన సొంత నొప్పి నివారణ పదార్థాలు, ఎండార్ఫిన్లు, విడుదల చేస్తుందని 1970ల నుంచీ పరిశోధనలున్నాయి. ఎలుకల మీద 2010లో చేసిన ప్రయోగంలో సూది తిప్పిన చోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి నొప్పి తగ్గింది. చి లేకుండానే ఇవన్నీ అర్థమవుతాయి. ఫిజియోథెరపిస్టులు గట్టిపడిన కండలో సూది దింపే డ్రై నీడ్లింగ్‌లో మెరిడియన్ల ప్రసక్తే లేదు, సూది మాత్రం అదే.

నొప్పి దాటి బయటికి వస్తే రుజువు పలచబడుతుంది. వికారం, వాంతులు ఒక మినహాయింపు. మణికట్టు గీత నుంచి మూడు వేళ్ల ఎడంగా, లోపలివైపు రెండు నరాల్లా తగిలే స్నాయువుల మధ్య నైగ్వాన్ అనే బిందువు ఉంది. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకు ఆ చోట నొక్కడం, గుచ్చడం కొంత ఉపకరిస్తుందని చాలా పరీక్షల్లో కనబడింది. బస్సు పడనివాళ్లు మణికట్టు పట్టీ పెట్టుకునేది అక్కడే. నొక్కడానికైతే ఖర్చు లేదు, ప్రమాదం లేదు, ప్రయత్నించండి. ఇంకో వైపు, పిల్లల కోసం ఐవీఎఫ్‌కి వెళ్లే జంటలకు "పక్కనే ఆక్యుపంక్చర్ కూడా చేయించుకుంటే సక్సెస్ రేటు పెరుగుతుంది" అని ప్యాకేజీలు చెబుతారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మందితో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో బిడ్డ పుట్టిన వాళ్లు అసలు సూదులతో 18.3 శాతం, ఉత్తుత్తి సూదులతో 17.8 శాతం. టెన్షన్ తగ్గుతుందంటే వెళ్లండి. బిడ్డ కోసమైతే ఆ డబ్బు మిగుల్చుకోండి. షుగర్, థైరాయిడ్, కిడ్నీ ఫెయిల్యూర్, క్యాన్సర్ నయం చేస్తామన్న బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లకుండా వెనక్కి తిరగడం మంచిది.

ఇప్పుడు మందుల దగ్గరికి. చైనాలో సంప్రదాయ వైద్యం అంటే ముందు గుర్తొచ్చేది సూది కాదు, కషాయం. క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన గ్రంథంలో జలుబు జ్వరానికి చెప్పిన ఒక కషాయం ఇప్పటికీ వాడుకలో ఉంది: దాల్చిన కొమ్మలు, తెల్ల పియోనీ అనే పూల మొక్క వేరు, అతిమధురం, అల్లం, చైనా రేగుపళ్లు. ఒక్క పియోనీ తప్ప మిగతావి మన అమ్మమ్మలు కూడా గుర్తుపడతారు. తాగి, వేడి గంజి పుచ్చుకుని, దుప్పటి కప్పుకుని చెమట పట్టించమంటాడు ఆయన. అంతవరకూ బాగానే ఉంది. అదే అతిమధురం నెలల తరబడి ఎక్కువగా పుచ్చుకుంటే బీపీ పెరుగుతుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది.

మందుల వైపు పెద్ద విజయం ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు. 1967 మే 23న చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం ఒక రహస్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో పనిచేసిన శాస్త్రవేత్త తూ యూయూ పాత గ్రంథాలు జల్లెడ పడుతుంటే, నాలుగో శతాబ్దంలో గె హోంగ్ అనే వైద్యుడు రాసిన ఒక్క వాక్యం కంటపడింది. గుప్పెడు చింగ్‌హావ్ ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని. కాచమని లేదు. మరిగిస్తే మందు పాడవుతోందేమోనని ఆవిడకు తట్టింది, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసింది, 1971లో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణిచేసింది. ముందు తన మీదే పరీక్షించుకుంది. 2015లో నోబెల్ వచ్చింది. ఆ మొక్క మళ్లీ మాచిపత్రి కుటుంబానిదే. ఇవాళ మన్యంలో ఎవరికైనా ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా వస్తే ఇచ్చే మందులో ఉన్నది దాని వారసులే. ఇది చైనా వైద్యం గొప్పదనానికి రుజువు అని చాలామంది రాస్తారు. సగం వరకే నాకు సమ్మతం. ఆకు పేరు పాత గ్రంథం చెప్పింది, మందు ప్రయోగశాల తీసింది, యిన్ యాంగ్‌లకు ఆ మాత్రలో చోటు లేదు.

ఇదే నాణేనికి రెండోవైపు బెల్జియం. 1990ల మొదట్లో బ్రసెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో చైనా మూలికలతో క్యాప్సూల్స్ ఇచ్చారు. వాటిలో ఫాంగ్‌జీ అనే వేరు ఉండాలి. చైనాలో దాదాపు అదే పేరుతో ఇంకో మొక్క వేరు కూడా అమ్ముతారు, గ్వాంగ్ ఫాంగ్‌జీ అని. పేర్లు కలగలిసి రెండోది వెళ్లింది. అందులో కిడ్నీలను దెబ్బతీసే అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు చెడిపోయాయి. తర్వాత ముందుజాగ్రత్తగా కిడ్నీలు తీయించుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ బయటపడింది. సన్నబడదామని వెళ్లిన ఆరోగ్యవంతులు వాళ్లు. ఆ మొక్క కుటుంబం మనకేమీ దూరం కాదు. పొలం గట్ల మీద కనిపించే గాడిదగడపాకు ఆ కుటుంబానిదే, నాటువైద్యంలో వాడుతూనే ఉంటారు. మూలిక కదా, సైడ్ ఎఫెక్ట్ ఉండదు అన్న మాట ఎవరైనా అంటే వాళ్లకు బ్రసెల్స్ కథ చెప్పండి.

మన దేశానికి ఈ సూదులు ఎలా వచ్చాయన్నది చాలామందికి తెలియదు. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. వాళ్లలో ఒకరు మన పద్మశాలీలు వేలల్లో స్థిరపడిన సోలాపూర్‌లో పుట్టిన ద్వారకానాథ్ కోట్నీస్. ఆయన అక్కడే 1942లో చనిపోయాడు. అదే బృందంలోని బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. అందుకే బెంగాల్‌లో దీనికి ముందుగా వేళ్లు పడ్డాయి, 1996లో అక్కడ చట్టం కూడా వచ్చింది. కేంద్రం 2019 ఫిబ్రవరిలో దీన్ని ఒక చికిత్సా విధానంగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. గుర్తింపు ఉందంటే ప్రతి బోర్డు వెనకా చదువు ఉందని కాదు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకు తగిలించినవాళ్లూ ఉంటారు.

కాబట్టి వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. నొప్పి ఎందుకో ముందు మామూలు డాక్టరు దగ్గర తేల్చుకోండి. రాత్రి నిద్రలేపే నడుం నొప్పి, కాళ్లలో పట్టు తప్పడం, బరువు తగ్గిపోవడం ఉంటే సూదుల దగ్గర వారాలు పోగొట్టకండి. గుచ్చే ఆయనకు శరీర నిర్మాణం తెలిసే చదువు ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి. సూదులు మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్ చించి తీయాలి, వాడాక డబ్బాలో పడేయాలి. మరిగించి మళ్లీ వాడతాం అంటే లేచి వచ్చేయండి, అలా వాడిన చోట్ల హెపటైటిస్ బి పాకిన ఉదంతాలున్నాయి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, గర్భవతి అయినా ముందే చెప్పాలి. షుగర్, బీపీ మాత్రలు ఆపమంటే వినకండి. ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. ఐదారు సిట్టింగులకు మెట్లెక్కడంలో, నిద్రలో తేడా తెలియకపోతే అక్కడితో ఆపేయొచ్చు. సూదులతో పాటు పొట్లంలో మూలికలు కూడా ఇస్తే అందులో ఏముందో రాసిమ్మని అడగండి, రాసివ్వకపోతే తీసుకోకండి.

ఇంకొకటి, అరుదే గానీ తెలిసి ఉండాలి. భుజం పైన, మెడ కింద, వీపు పైభాగంలో కండ పలచగా ఉన్నచోట సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. అప్పటికప్పుడు ఏమీ అనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు, ఆయాసం వస్తుంది, గాలి పీలిస్తే ఛాతీలో ఒకవైపు పోటు పొడుస్తుంది. గ్యాస్ అనుకుని ఇంట్లో వాము నమలకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, అక్కడ డ్యూటీ డాక్టరుతో మొట్టమొదట చెప్పాల్సింది సూదులు వేయించుకున్న సంగతే. ఆక్యుపంక్చర్‌కి వెళ్లానంటే తిడతారేమోనని చాలామంది దాచేస్తారు, ఆ ఒక్క మాట తెలియక ఛాతీ ఎక్స్‌రే ఆలస్యమవుతుంది.